ఆగిన సాంచెల చప్పుడు

తొంభైల చివర్లో, నేను పెళ్లయి భివండి వచ్చిన కొత్తలో జరిగిన సంగతి ఇది. అక్కడి కనేరి పేటలో మాకు చిన్న సాంచెల కార్ఖానా, అంటే బట్ట నేసే మరమగ్గాల కార్ఖానా, ఉండేది. మా మరిది రమేశ్ పాత రేడియోలు విప్పి, ఆ సామానుతో రకరకాల శబ్దాలు పుట్టించే సింథసైజర్ యంత్రం సొంతంగా తయారుచేశాడు. దాన్ని ఎనిమిది స్పీకర్లకు కలిపి, ఒక్కో దానిలో ఒక్కో శబ్దం పలికించేవాడు. రాగం, తాళం లేని ఆ మోతే తన సంగీతం అనేవాడు.

ఒక సెలవు రోజు రమేశ్ తండ్రి, మా మామయ్య, సాంచె కింద దూరి మరమ్మతు చేస్తున్నారు. నేను చాయ్ తీసుకెళ్తుంటే, సాంచెలన్నీ ఒక్కసారిగా నడిచిన చప్పుడు వినిపించింది. గ్లాసు పారేసి, "మామా!" అని అరుస్తూ పరుగెత్తి మెయిన్ స్విచ్ దించేశాను.

తీరా చూస్తే సాంచెలు కదలనే లేదు. మూలమూలనా రమేశ్ పెట్టిన స్పీకర్లున్నాయి; ఆ చప్పుడు వాటిలోంచి వచ్చిందే. మామయ్య సాంచె కిందినుంచి బయటికొచ్చి, నేలమీద కూర్చొని ఉన్నారు.

"ఏమైంది వదినె? కరెంట్ ఎందుకు తీసినవ్?" అన్నాడు రమేశ్.

"మామ సాంచెల పడ్డడనుకున్న" అంటూ ఏడ్చేశాను.

మామయ్య నవ్వి, "నాకేం కాలే బిడ్డా. కూసో, నువ్వు గూడ విను. మళ్ల పెట్టురా" అన్నారు.

రమేశ్ మెయిన్ స్విచ్ వేశాడు. ఈసారి ఆ చప్పుడు ఒక మూల నుంచి ఇంకో మూలకు నడిచింది. నా తల మీదుగా సాగి, రేకుల మీద చినుకుల్లా పలచబడింది. నేను తలెత్తి దాని వెంటే చూశాను.

"జిందగీ అంత ఈ మోతలనే బతికిన. ఇది గింత మంచిగుంటదని నాకెర్క లేదురా" అన్నారు మామయ్య, కొడుకు భుజం మీద చెయ్యి వేసి.

నా కంగారు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కానీ ఆగివున్న సాంచెలను అట్లా చప్పుడుతోనే నడిపించిన రమేశ్ చేతులను మెచ్చుకోకుండా ఉండలేను.

— లక్ష్మి, భివండి