సున్నా మీదుగా వెళ్లిన గీత

నా డిగ్రీ అయిన ఏడు, ఏక్‌బాల్‌పూర్‌లో మా ఇంటికి దగ్గర్లోని తెలుగు బడిలో లెక్కల టీచరు ఉద్యోగం ఖాళీ అయింది. ముందు ఒక పాఠం చెప్పి చూపించమన్నారు. తొమ్మిదో తరగతికి, అసమీకరణాల గ్రాఫులు. నేను చదివిందంతా ఆ ఊరి బెంగాలీ మీడియం బళ్లలోనే. తెలుగులో లెక్క చెప్పి ఎరగను. ఆ వారమంతా అన్నం తింటూ కూడా "అసమీకరణం, అసమీకరణం" అని గొణుక్కుంటుంటే, అమ్మ జ్వరమేమోనని నా నుదురు పట్టి చూసింది.

ఓడరేవు డాక్‌లో పనిచేసే నాన్న పాఠం చెప్పే పూట సెలవు పెట్టి నాతో వచ్చాడు. గేటు ఎదుట టీకొట్టు దగ్గర ఆగిపోయాడు.

హెడ్‌మిస్ట్రెస్ చివరి బెంచీలో కూర్చున్నారు. మొదటి లెక్క నేను ఇంట్లో సాధన చేసిందే: x + y ≤ 6. గీత గీశాను. ఏ వైపు షేడ్ చెయ్యాలో తెలియాలంటే x, y రెండిటికీ సున్నా పెట్టి చూడమన్నాను. సున్నా ఆరుకన్నా తక్కువే కాబట్టి, మూలబిందువు ఉన్న వైపు సుద్దతో నింపాను. "ఎప్పుడైనా ఇంతే, సున్నాలు పెడితే చాలు" అనేశాను.

"y > 2x గీయండమ్మా," అన్నారావిడ వెనకనుంచి.

గీశాను. గీత సరిగ్గా మూలబిందువు మీదుగానే పోయింది.

ముందు బెంచీలో పిల్ల లేచింది. "టీచర్, సున్నా గీత మీదే ఉంది గదా. ఇప్పుడేటి సేయాలి?"

చెమటకి సుద్ద చేతిలో మెత్తబడింది. పిల్లలకేసి తిరగలేక బోర్డు వైపే నిలబడ్డాను. వెనక ఎవరో దగ్గితే, నవ్వారేమో అనుకున్నాను. చాలాసేపటికి తోచింది. సున్నాని తీసుకునేది లెక్క తేలికవుతుందనే. గీత మీద లేని బిందువు ఏదైనా పనికొస్తుంది. (1, 0) పెట్టాను. సున్నా రెండుకన్నా పెద్దది కాదు. ఆ బిందువున్న వైపు వదిలేసి అవతలి వైపు నింపాను. ఇందాక "ఎప్పుడైనా" అన్నది తప్పని పిల్లలకి చెప్పాను. అప్పుడు కనిపించింది, గీత మీది బిందువులు ఇందులోకి రావు కదా, నేనేమో నిండు గీత గీసేశాను. దాన్ని చెరిపి, చిన్న చిన్న ముక్కలుగా మళ్లీ గీస్తుండగా గంట కొట్టారు.

కబురు పంపుతామన్నారు హెడ్‌మిస్ట్రెస్.

బయట నాన్న లేచి నిలబడ్డాడు. "ఏటమ్మా, బాగా సెప్పినావా?"

"తెలీదు నాన్నా. మజ్జిలో ఆగిపోనాను."

"మరి?"

"మళ్లీ సెప్పినాను."

ఆయన టీకొట్టు దాదాకి చెప్పి నాకొక టీ తెప్పించాడు.

కబురు వెంటనే రాలేదు. తలుపు చప్పుడైనప్పుడల్లా లేచి వెళ్లి చూసేదాన్ని. చివరికి ఒక శనివారం బడి ఆయా వానలో తడుస్తూ వచ్చి, సోమవారం నుంచి రమ్మన్నారని చెప్పింది. అమ్మ ఆమెకి తువ్వాలు ఇచ్చింది. నేను మాత్రం ఏ తరగతి అని అడిగాను.

తొమ్మిదేనట. ఆదివారమంతా మంచం మీద కూర్చుని, పుస్తకంలో ఆ పాఠం కింది లెక్కలన్నిటికీ గీతలు గీశాను.