జగ్గమ్మ అనుమానం

జగ్గమ్మకి మొగుడి మీద అనుమానం మొదలైంది ఎండు నెత్తళ్ళ కూర దగ్గర. ఆమె పెరట్లో కర్రలు చీల్చుకుంటోంది. మొగుడు సూరయ్య వీధి అరుగు మీద కూర్చున్నాడు. లోపల కూర అడుగంటి, మాడు వాసనకి పక్కింటివాళ్ళు కేకేశారు గాని, గుమ్మం పక్కనే ఉన్న మనిషి కదల్లేదు.

"కూర మాడిపోతన్నాది, ముక్కు నేదేటి నీకు?" అంది.

"నాకేటీ వాసన రానేదే."

అంత వాసన రాకుండా ఎలా ఉంటుంది? కావాలనే కదల్లేదనుకుంది జగ్గమ్మ.

ఇది రెండువేల పదిహేను నాటి మాట. మా ఊరు కోటబొమ్మాళికి దగ్గరే. వరి కోశాక అందరూ మొక్కజొన్న వేయడం మొదలెట్టారు. కూలీలని పెట్టి కలుపు తీయించే ఓపిక ఎవరికీ లేదు, కలుపు చచ్చే మందు కొట్టించేవారు. ఆ పని సూరయ్యది, జగ్గమ్మ తమ్ముడు ఎల్లాజీది. ట్యాంకు వీపుకి తగిలించుకుంటే కారిన మందుతో చొక్కా తడిసేది. గొట్టం మూతికి నలుసేదైనా అడ్డుపడితే నోటితో ఊదేవాళ్ళు. అదొక తప్పని ఎవరూ అనుకోలేదు.

కూర సంగతి మరిచిపోకముందే సూరయ్య మొహం మారిపోయింది. జోకులేసి పొలం గట్టున ఆడవాళ్ళందరినీ నవ్వించే మనిషి, ఏం చెప్పినా బొమ్మలా చూసేవాడు. మాట సగం గొంతులోనే మింగేసేవాడు. సాయంత్రం పొలం నుంచి అందరూ వచ్చేశాక ఎప్పుడో వచ్చేవాడు. ఊరికే కూర్చున్నప్పుడు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఒకదాన్నొకటి రాసుకునేవి, కనపడని చుట్టని చుడుతున్నట్టు.

తాగుతున్నాడని తేల్చుకుంది జగ్గమ్మ. మధ్యాహ్నం కునుకు తీస్తుంటే వంగి నోరు వాసన చూసింది. ఏమీ లేదు. అయితే ఇంకెవతో ఉందనుకుంది. అప్పటినుంచి అతను విప్పిన చొక్కా తిరగేసి చూడకుండా ఉతకలేదు.

తమ్ముడిని నిలదీసింది. "ఒరే ఎల్లాజీ, మీ బావ ఎక్కడికెల్తన్నాడో సెప్పు."

"నాకేటి తెలుసప్పా?" అని వాడు మొహం తిప్పుకున్నాడు. దాంతో వాడి మీదా అనుమానం పడింది.

ఒకరోజు సూరయ్య పొలానికి బయల్దేరితే వెనకే వెళ్ళింది. మొక్కజొన్న మనిషెత్తు ఉంది, దాక్కోవడం కష్టం కాలేదు. అతను మధ్యమధ్య ఆగిపోతున్నాడు. ఎవరికోసమో చూస్తున్నాడనుకుంది. చివరికి గట్టు మీద కూలబడి చొక్కా బొత్తాలు విప్పాడు. మళ్ళీ పెట్టుకోబోయాడు. బొత్తాం కాజాలోకి దూరలేదు. ఎడంచేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకుని మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ తప్పిపోయింది. చిన్నపిల్లాడిలా పెదవి కొరుక్కుంటూ అదే పని చేస్తున్నాడు.

జగ్గమ్మ ఆకులు తోసుకుని ఎదురుగా నిలబడింది. కూర్చుని బొత్తాలు తానే పెట్టింది.

"ఎన్నాల్లనుంచి?"

"ఎవులికీ సెప్పకే. సెయ్యి వణుకుతాదని తెలిస్తే నాకు ట్యాంకు ఎవులిస్తారు?" అన్నాడు సూరయ్య. "కాల్లు నేలకి అతుక్కుపోతన్నాయి. నడుద్దామంటే కదలవు. ఎల్లాజీకి తెలుసు. నానే సెప్పొద్దన్నాను."

ఇంకో ఆడది లేదన్న తేలిక ఒక్క క్షణమే. ఆ వెంటనే భయం పట్టుకుంది. ఎవరో సిల్లంగి పెట్టారని, చేతబడి చేశారని కొన్నాళ్ళు వీధిలో అందరి కళ్ళలోకీ గుచ్చిగుచ్చి చూసింది. మంత్రగాడి చేత నిమ్మకాయలు కోయించింది. తగ్గలేదు. ఎల్లాజీయే ఇద్దరినీ రైలెక్కించి విశాఖపట్నం తీసుకెళ్ళాడు.

అక్కడి నరాల డాక్టరు దుర్గాభవాని సూరయ్యని నడిపించింది, వేళ్ళు ఆడించమంది, కళ్ళు మూయించి కాఫీపొడి వాసన చూపించింది. అతనికి తెలియలేదు. చేసే పనేమిటో అడిగి, చాలాసేపు విని, పార్కిన్సన్స్ జబ్బు అంది. వాసన తెలియకపోవడం దాని తొలి గుర్తుల్లో ఒకటంది.

"నిజం సెప్పమ్మా, తాగుడికొచ్చిందా? నా కాడ నవ్వడం కూడా మానేసినాడు," అంది జగ్గమ్మ.

"కాదమ్మా. నీ మొగుడు నీ దగ్గర నవ్వు దాచుకోలేదు. మొహం బిగుసుకుపోయింది, అంతే." తర్వాత డాక్టరు నిదానంగా చెప్పింది. "మెదడులో ఒంటిని కదిలించే కణాలుంటాయి. వాటి చుట్టూ సాయం చేసే కణాలుంటాయి. కొన్ని తిండి పెడతాయి, కొన్ని కాపలా కాస్తాయి. మనం పీల్చే ఆక్సిజన్ నుంచే నిప్పురవ్వల్లాంటి పదార్థాలు పుడుతుంటాయి. రోజువారీగా పుట్టేవాటిని ఈ సాయం కణాలు ఆర్పేస్తాయి. విషంలాంటిది లోపలికి పోతే రవ్వలు ఎక్కువైపోతాయి. అప్పుడు కాపలా కణాలు రెచ్చిపోయి, శత్రువు మీదికని నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు వదులుతాయి. ఆ వాయువు, ఈ రవ్వలు కలిస్తే ఇంకా ఘాటైనది తయారవుతుంది. అది పక్కనున్న మంచి కణాలనే కాల్చేస్తుంది. అవి చస్తుంటే కాపలావి ఇంకా రెచ్చిపోతాయి."

"కాపలాకెట్టినోల్లే ఇల్లు కాల్సేత్తారా?"

"కాపాడదామనే మొదలెడతాయి. ఆపడం తెలియదు."

"అయితే ఆ కలుపుమందే సేసిందంటావు."

డాక్టరు తల అడ్డంగా ఆడించింది. "ఇతనికి దానివల్లే వచ్చిందని చెప్పలేను. అనుమానం మాత్రం ఉంది. ఇంక ట్యాంకు ఎత్తనివ్వకు."

"అనుమానముంటే ఒగ్గీకూడదమ్మా," అంది జగ్గమ్మ.

వదల్లేదు కూడా. తిరిగొచ్చాక నేరుగా కలుపుమందు అమ్మే కొట్టుకి వెళ్ళి, మీ మందువల్లే మా ఇంట్లో జబ్బొచ్చిందని నిలదీసింది. కొట్టతను మురళీమోహన్ చేతిలో పనాపకుండా అన్నాడు. "ఊరందరూ కొడతన్నారు. ఆడికే వచ్చిందేటి?"

జగ్గమ్మ ఇంటికొచ్చేసింది గాని, ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. మళ్ళీ విశాఖ వెళ్ళినప్పుడు అదే మాట డాక్టర్ని అడిగింది. అందరి మెదళ్ళలో సాయం కణాలు ఒకేలా తట్టుకోలేవని, ఒకరికి త్వరగా, ఒకరికి ఆలస్యంగా, చాలామందికి అసలు ఏమీ కాకపోవచ్చని ఆవిడ చెప్పింది. ఎవరికి వస్తుందో ముందే తెలిసే దారి లేదంది.

ఎవరికో తెలియదన్న మాటకే జగ్గమ్మ బెదిరింది. తమ్ముడింటికి వెళ్ళి ట్యాంకు ఎత్తుకొచ్చేసింది.

"నా కూడు తీసీకప్పా!" అని ఎల్లాజీ వెంటపడ్డాడు.

"మీ బావని సూడు. సూసి అప్పుడడుగు."

అరుగు మీద సూరయ్య గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడు. సగం నీళ్ళు గుండెల మీద పడ్డాయి. ఎల్లాజీ ట్యాంకు అక్కడే వదిలేసి వెనక్కి తిరిగాడు.

మాత్రలతో సూరయ్యకి బిగుతు కొంత సడలింది. నయమవదని డాక్టరు ముందే చెప్పింది. వాళ్ళ సొంత పొలం చెక్కలో ఇప్పుడు మందు పడదు. జగ్గమ్మ ఇద్దరు ఆడవాళ్ళని తోడు పెట్టుకుని కలుపు తీస్తుంది, అతను గట్టున కూర్చుని కోళ్ళని, దూడలని అదిలిస్తాడు. మిగతా ఊరు మాత్రం కొడుతూనే ఉంది.

ఎల్లాజీ టెక్కలి వైపు గ్రానైటు కోసే పనికి కుదిరాడు. ఇంటికొచ్చినప్పుడల్లా జుట్టు, కనురెప్పలు తెల్లగా ఉంటాయి. మొన్న జగ్గమ్మ వాడి చొక్కా దులిపి, రాలిన రాతిపొడిని అరచేతిలోకి తీసుకుని వెలుగులో పట్టి చూసింది.

"ఇదేటిరా, రోజూ ఇది పీలుస్తన్నావా?" అంది.