వరసల మధ్య సందు

మా ప్రెస్సు పెద్ద కంపోజిటర్ గారు కన్నుమూశారు. కబురు తెచ్చింది మా మిషన్‌మ్యాన్. నేనప్పుడు ఒక పెళ్ళి శుభలేఖ పేరుస్తున్నాను. ఎడమ చేతిలో సీసపు అక్షరాలు పేర్చే స్టిక్కు, అందులో సగం లైను. "సాయిబు గారు పొయ్యినారక్కా. తెల్లారి నమాజు చేసుకోని, టీ గ్లాసు చేత పట్టుకోని కూర్చోని, అట్నే పొయ్యినారంట" అన్నాడు. లైను సగంలో ఉండగా చెయ్యి వదలకూడదని నాకు నేర్పింది ఆయనే. అందుకని ఆ లైను పూర్తి చేశాను, బిగించాను, స్టిక్కు బల్ల మీద పెట్టాను. ఆ తర్వాతే కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. పదేళ్ళు ఆయన పక్కన నిలబడి పనిచేసిన దాన్ని. అందులో ఏడేళ్ళు ఒక తప్పు గుండెల్లో పెట్టుకుని తిరిగిన దాన్ని. ఆ బరువు ఆయన పోయిన మూడో రోజున దిగింది. ఆ సంగతి నలుగురికీ చెబితే గాని నాకు మనసు నిలవదు.

నయాపైసలు వచ్చిన మరుసటి ఏడు నేను నెల్లూరులో ఆ ప్రెస్సులో చేరాను. మాది కొడవలూరు దగ్గర పల్లె. మా నాయన చర్చిలో ఉపదేశి. టీచరు ట్రైనింగులో సీటు రాలేదని నేను మూతి ముడుచుకుని కూర్చుంటే, ఆయనే తెలిసినవాళ్ళను పట్టుకుని ప్రూఫులు చదివే పని ఇప్పించాడు. అంతా మగవాళ్ళున్న చోట ఒక ఆడపిల్ల. ఓనరు గారు నాకు కిటికీ పక్కన కుర్చీ వేయించి, ఇక నా ఊసే మరిచిపోయారు. వారం తిరక్కముందే పెద్ద కంపోజిటర్ గారు నా దగ్గరికి వచ్చి, "కూర్చోని తప్పులు పట్టేదానికి ఎవురైనా చాలు. నిలబడి పేర్చేది నేర్చుకో పాపా" అన్నారు. అంతే, ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోలేదు నేను.

సన్నటి మనిషి. తెల్ల టోపీ, గళ్ళ లుంగీ, ఒక పక్క దారంతో కట్టిన కళ్ళజోడు. తోటపల్లి గూడూరు నుంచి చిన్నప్పుడే నెల్లూరుకు వచ్చి ఈ పనిలో పడ్డారట. రోజుకు రెండుసార్లు కిరసనాయిలు గుడ్డతో వేళ్ళు తుడుచుకునేవారు. అన్నం తినేటప్పుడు కూడా ఆ వాసన పోయేది కాదు. ఆయనకు అది అలవాటై తెలిసేది కాదు గాని, పక్కన కూర్చుని తినే మాకు తెలిసేది.

మొదటి పాఠం కళ్ళు మూసుకుని నేర్చుకున్నాను. ప్రతి అక్షరం కాడకూ ఒక పక్క గాటు ఉంటుంది. బొటనవేలికి ఆ గాటు తగిలితే అక్షరం సరిగ్గా నిలబడ్డట్టు. చూడక్కర్లేదు. "ఫేసు అంటే అక్షరం మొహం, కాగితం మీద పడేది. బాడీ అంటే అది నిలబడే సీసం కాడ. పాయింట్లు లెక్కపెట్టేది కాడని, మొహాన్ని కాదు. మొహం చూసి మోసపోబాక" అనేవారు. పన్నెండు పాయింట్ల టైపులో ఒక అక్షరం చిన్నగా, ఇంకొకటి పెద్దగా ఎందుకు కనబడుతుందో ఆ ఒక్క మాటతో నాకు తెలిసిపోయింది. మార్జిన్ అంటే పేజీ చుట్టూ వదిలే తెల్లటి జాగా అని ఎవరైనా చెబుతారు. ఆయన మాత్రం చదివేవాడి బొటనవేలు పెట్టుకునే చోటు అని చెప్పారు. ఈ రోజుకీ నేను కొత్తవాళ్ళకు అలాగే చెబుతాను.

లావు అక్షరాలంటే ఆయనకు కిట్టేది కాదు. "ఇంట్లో ఒకరు అరిస్తే వింటారు. అందరూ అరిస్తే ఎవురి మాట వినపడుద్ది?" అనేవారు. ఒకసారి ఒక పెద్దమనిషి కూతురి పెళ్ళి కార్డు పట్టుకొచ్చి, బావమరుదులు, తోడల్లుళ్ళు, మేనమామలు ఎవరి పేరూ తగ్గడానికి వీల్లేదు, అన్నీ లావు టైపులోనే ఉండాలని కూర్చున్నాడు. మా పెద్దాయన ఒక్క మాట ఎదురు చెప్పకుండా అలాగే పేర్చి ప్రూఫు తీసి ఇచ్చారు. ఆ మనిషి కార్డును దగ్గర పెట్టుకుని చూశాడు, దూరం పెట్టుకుని చూశాడు, చివరికి "మా అమ్మాయి పేరు యాడుంది సాయిబూ?" అన్నాడు. ప్రెస్సంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వకుండా, పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ లావు టైపు ఉంచి, మిగతావాళ్ళను సన్న టైపులోకి దించి ఇంకో ప్రూఫు ఇచ్చారు.

ఇక నా తప్పు సంగతి. నేను చేరిన మూడేళ్ళకు ఒకనాడు వాకాడు వైపు సముద్రం ఒడ్డు పల్లెలో వయోజనుల బడి నడిపే మాస్టారు ఒకాయన వచ్చారు. పగలంతా వలా చేపా చూసుకుని, సాయంత్రం పూట పలక పట్టే పెద్దవాళ్ళ కోసం ఒక వాచకం కావాలన్నారు. వంద ప్రతులు. పెద్దాయనకు ఆ పనంటే ఎక్కడలేని హుషారు వచ్చింది. పెద్ద టైపు తీసి, లైనుకూ లైనుకూ మధ్య రెండేసి మూడేసి లెడ్లు వేసి పేర్చారు. లెడ్డంటే పల్చటి సీసపు బద్ద. అక్షరాల కంటే ఎత్తు తక్కువ, అందుకని కాగితం మీద పడదు. తాను కనబడకుండా లైన్లను దూరంగా ఉంచుతుంది. "మన తెలుగుకి పైన గుడులు, కింద వత్తులు. వరసకీ వరసకీ మధ్య గాలి ఆడాల పాపా. నారు ఒత్తుగా నాటితే ఏమవుద్దో నీకు నేను చెప్పాల్నా?" అన్నారు. వాచకం ఇరవై నాలుగు పేజీలు వచ్చింది.

ఆ వారమే వాళ్ళ చెల్లెలికి బాగాలేదని కబురొస్తే ఆయన ఊరికి వెళ్ళారు. ఓనరు గారు కాగితం కట్ట చూసుకుని, "పదహారు పేజీల్లో పట్టదా ఇది?" అని అడిగారు. నాకప్పటికి మూడేళ్ళ పని వచ్చు. అన్నీ వచ్చనుకునే వయసు. "పడుతుందండీ" అన్నాను. రెండు రోజులు కూర్చుని లెడ్లన్నీ లాగేశాను. లైన్లు ఒకదాన్నొకటి ఆనుకున్నాయి. పదహారు పేజీల్లో పట్టించినందుకు ఓనరు గారు శభాష్ అంటే పొంగిపోయాను.

ఆ పెద్ద టైపులో కొన్ని వత్తుల తోక బాడీ దాటి కిందికి వేలాడుతుందని నాకు తెలుసు. లెడ్డు ఉంటేనే ఆ తోకకు చోటు. లేకపోతే అది కింది లైను గుడి మీద ఎక్కి కూర్చుంటుంది, మిషన్ నొక్కగానే విరుగుతుంది. ఇదీ నాకు ఆయన చెప్పిందే. ఆ రెండు రోజులూ ఆ మాట నాకు గుర్తే రాలేదు. ఆయన ఊరినుంచి వచ్చేసరికి ఆఖరి పేజీల ఫారం మిషన్ మీద ఉంది. ఒక కాగితం తీసి చూశారు. వత్తులు సగం ఊడిపోయి, లైన్లు ఒకదానిలో ఒకటి దూరి, కొత్తగా చదివేవాడు ఏ వరసలో ఉన్నాడో తెలియకుండా ఉంది. ఓనరు గారు కూడా చూశారు. ఇంక కాగితం లేదన్నారు, ఈ నష్టానికి పూచీ ఎవరిదని నా మీద అరిచారు. "పని నా కిందిది. నన్నడగండి" అన్నారు పెద్దాయన. నాతో మాత్రం, "ఇంటికి పో పాపా. రేపు పొద్దున టయానికి రా" అన్నారు. వంద ప్రతుల కట్టను సైకిలు వెనక కట్టుకుని వెళ్ళిపోయారు. మాస్టారుకు తనే ఇస్తానన్నారు.

ఏడాది పోయాక ఆ మాస్టారు కేలండర్ పని మీద ప్రెస్సుకొచ్చారు. బడి ఎలా ఉందని అడిగితే, "సగం మంది మానుకున్నారమ్మా" అన్నారు. ఎందుకని నేను అడగలేదు. ఎందుకో నాకు తెలుసుననుకున్నాను. సముద్రంలో ఒళ్ళు హూనం చేసుకుని వచ్చి అక్షరం ముందు కూర్చున్న మనుషుల్ని నా తెలివితేటలు వెనక్కి పంపేశాయి. ఆ తర్వాత ఆ మాస్టారు ఎక్కడికో బదిలీ అయిపోయారు. పెద్దాయన్ని ఏడాదికోసారైనా అడిగేదాన్ని, ఆ వాచకం ఏమైందని. "అది సర్దుకునింది పాపా" అనేవారు, ఎప్పుడడిగినా అదే మాట. నన్ను ఊరడించడానికి అంటున్నారనుకుని ఇంకా కుంగిపోయేదాన్ని. ఎవరికీ చెప్పుకోలేదు, ప్రార్థనలో తప్ప.

ఆయన పోయిన మూడో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. లోపలి గదిలో ఆయన భార్య చాప మీద కూర్చుని ఉంది. పక్కన సముద్రం ఒడ్డున చేపలు పట్టే పల్లెకారు పెద్దామె ఒకరు. యాభై దాటి ఉంటాయి. బస్సు దిగి నడిచి వచ్చిందట, కాళ్ళకు దుమ్ము. ఏడాదికోసారి ఎండు చేపలు తెచ్చిచ్చే మనిషట. ఆమె ఒళ్ళో గుడ్డలో చుట్టిన లావుపాటి పుస్తకం ఒకటుంది. విప్పి నాకు చూపించింది. "సాయిబు ఇచ్చింది. దీంతోనే నేను చదువుకునింది" అంది.

పుస్తకం తెరిచాను. అది నా వాచకమే. ఒక్కో లైనునూ కత్తెరతో విడివిడిగా కత్తిరించి, మధ్యలో వేలెడు సందు వదిలి, వేరే కాగితం మీద అతికించారు. విరిగిపోయిన ప్రతి వత్తునూ కలంతో నల్లసిరాతో దిద్దారు. తిప్పి చూస్తే వెనక అంతా పారేసిన ప్రూఫులు, ఏవేవో పెళ్ళిళ్ళ పేర్లు, వాటి మీద నేను పెట్టిన దిద్దుబాట్లు.

"కాగితానికి రెండు పక్కలా అచ్చు గదా, ఒక పక్క కోస్తే రెండోది పోద్ది. అందుకని రెండు పుస్తకాలు కోసి ఒకటి చేసినాడు" అంది ఆయన భార్య. "నూరు పుస్తకాలు యాభై అయినాయి. శుక్రారం నమాజు నించి రాంగానే అదే పని. నెల దినాలు ఇంట్లో గంజంతా ఆ కాగితాలకే పొయ్యింది. కుట్టింది నేనే."

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణాన నాకు దుఃఖం కంటే కోపం వచ్చింది. ఏడేళ్ళు.

"చెప్పొద్దన్నాడు. ఇంత పని పడిందని తెలిస్తే ఆ పాపకి చెయ్యి వణుకుద్ది, వణికే చెయ్యి అక్షరాల కేసు ముందర నిలబడలేదు అన్నాడు. సర్దుకునిందని చెప్పినా గదా, చాలు అంటా ఉండె."

అయినా నాకు ఇంకో ప్రశ్న మిగిలే ఉంది. పెద్దామెను అడిగాను, మరి సగం మంది ఎందుకు మానేశారని. ఆమె నన్ను వింతగా చూసింది. "వేట కాలం వస్తే మగోళ్ళు సముద్రం మీదికి పోకుండా బళ్ళో కూర్చుంటారా? వాళ్ళు పొయ్యినారు. ఆడోళ్ళం మేం నిలబడినాం" అంది.

నాకు ఏడుపొచ్చింది. చావింట్లో ఎవరికైనా వచ్చేదే గనక ఎవరూ ఏమీ అనుకోలేదు. అది పూర్తిగా ఆయన కోసం వచ్చిన ఏడుపు కాదని నాకు తెలుసు, ఇప్పుడు మీకూ తెలుసు. ఏడేళ్ళ తర్వాత ఊపిరి నిండా తీసుకున్నాను. ఆయన నాకు అబద్ధం చెప్పలేదు. అది నిజంగానే సర్దుకుంది.

పెద్దామె పుస్తకం తీసుకుని చదివి చూపిస్తానంది. ఎవరూ అడగలేదు. మొదటి పేజీ తెరిచి, వల నూలు కోసి కోసి గట్టిపడిన చూపుడువేలు పెట్టింది. ఆ వేలు ఒక్క అక్షరాన్నీ తాకకుండా, ఆయన వదిలిన తెల్లటి సందులోనే, వరస చివరిదాకా మెల్లగా నడిచి, కింది సందులోకి దిగి, మళ్ళీ మొదటి నుంచి నడిచింది.