అమ్మ రాగి కాగు

మా మావయ్య ఒట్టు వేసి మరీ నన్ను మోసం చేశాడు. ఇన్నేళ్ళయినా ఆ మాట తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

తొంభైల చివర మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి పాలకొల్లులో మా ఇంట్లో ఖాళీగా ఉన్నాను. ఆడపిల్లనని ఏ వర్క్‌షాపులోనూ పని ఇవ్వలేదు. అప్పుడే మావయ్య నన్ను తన రైస్ మిల్లుకు పిలిచి, వెనక షెడ్డులో ఊక దుమ్ము కింద పడి ఉన్న తాతయ్య కారు చూపించాడు. రెండు సీట్ల పాత విదేశీ స్పోర్ట్స్ కారు. చిన్నప్పుడు తాతయ్య ఒళ్ళో కూర్చుని దాని స్టీరింగ్ తిప్పేదాన్ని.

"ఇంజన్ హెడ్డు పోయిందే అమ్మడూ. నువ్వు బాగుచేసి నడిపించావంటే బండి నీదే."

"ఒట్టు?"

"తాతయ్య మీద ఒట్టు."

నమ్మేశాను. సొంత మేనమామను నమ్మకపోతే ఇంకెవరిని నమ్ముతాం?

హెడ్డు విప్పితే నీళ్ళూ ఆయిలూ కలిసి లోపలంతా మజ్జిగలా ఉంది. వేడికి హెడ్డు వంగిపోయింది, నీళ్ళూ ఆయిలూ కలవకుండా దాని కింద వేసే గాస్కెట్ కాలి చిరిగింది. రాజమండ్రిలో లేత్ వాళ్ళ దగ్గర హెడ్డు అడుగు చదును చేయించాను. వాల్వులు మాత్రం నేనే నూరాను. గరుకు పేస్టు రాసి, వాల్వుకు తగిలించిన కర్రను అరచేతుల మధ్య పెట్టి, వత్తులు చేసినట్టు తిప్పడమే. చేతులు బొబ్బలెక్కాయి. తర్వాత కిరసనాయిలు పోసి చూస్తే వాల్వుల సందుల్లోంచి చుక్క కూడా కారలేదు. షెడ్డులో ఒక్కదాన్నే గంతులేశాను.

గాస్కెట్ ఎక్కడా దొరకలేదు. మందపాటి రాగి రేకుతో చేసుకోవచ్చు గానీ బజార్లోవన్నీ పలచన. పెరట్లో నీళ్ళు కాచే కాగు వైపు నేను మాటిమాటికీ చూడటం అమ్మ కనిపెట్టింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న కాగు అది.

"తీసుకుపోవే. మా నాన్న కారుకే కదా," అంది.

కంచరి దుకాణంలో దాన్ని చీల్చి సాపు చేస్తుంటే, ఆ సుత్తి దెబ్బలు వినలేక అమ్మ వీధిలో నిలబడింది. ఆ రేకునే గాస్కెట్‌గా కోసి హెడ్డు కింద బిగించాను.

స్టార్ట్ చేసే రోజున మావయ్య ముహూర్తం పెట్టించాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. ఇంజన్ కాసేపు దగ్గి, అందుకుంది. నాకు ఏడుపొచ్చింది. మా వైపు బండికి కొబ్బరికాయ కొట్టేది దాని యజమానే. గబగబా చేతులు కడుక్కొచ్చి చెయ్యి చాచాను. మావయ్య కొబ్బరికాయను నన్ను దాటించి, తుని నుంచి వచ్చిన పెద్దమనిషి చేతిలో పెట్టాడు. అప్పటిదాకా ఆయన వేడుక చూడటానికి వచ్చాడనుకున్నాను.

"ఏంటిది మావయ్యా?"

"ఇంజన్ నడవకుండా ఎవరు కొంటారే? అయినా ఆడపిల్లవి, నీకెందుకే బండి?"

పెద్దమనిషి కొబ్బరికాయ కొట్టి, "మళ్ళీ ట్రబులిస్తే ఏం చెయ్యాలండి?" అని అడిగాడు.

"భలేవారండీ! మా మేనకోడలు లేదూ? కబురు పెట్టండి, పంపించేస్తాను," అన్నాడు మావయ్య, నా భుజం తడుతూ.

అమ్మ ఇంటికొచ్చి పొయ్యి మీద సత్తు గిన్నెలో నీళ్ళు పెట్టింది.

ఏడాది తిరక్కుండానే తుని నుంచి నిజంగానే కబురొచ్చింది, ఇంజన్ ఏదో తేడాగా ఉందట. తప్పకుండా వస్తాననీ, హెడ్డు విప్పి మా అమ్మ కాగు మాత్రం తెచ్చేసుకుంటాననీ చెప్పి పంపాను. మళ్ళీ కబురు రాలేదు.