పిన్ని మైకులో చెప్పిన పాస్‌వర్డు

మా గజపతినగరంలో ఆ రోజుల్లో రహస్యం అన్నది ఇంకా ఎవరికీ సొంత ఆస్తి కాలేదు. ఎవరింట్లో ఏ కూర ఉడుకుతోందో, ఎవరి అల్లుడు అలిగి వెళ్ళిపోయాడో, ఎవరికి షుగరు ఎంత ఉందో వీధి వీధంతటికీ తెలిసేది. తెలియకపోతే అడిగి మరీ తెలుసుకునేవారు. అలాంటి ఊళ్ళో నేను డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం వచ్చేదాకా ఖాళీగా ఉండడమెందుకని మెయిన్ రోడ్డు మీద ఓ ఇంటర్నెట్ సెంటర్లో చేరాను. స్మార్టు ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాలేదు. హాల్ టిక్కెట్టు కావాలన్నా, ఇంటర్ ఫలితాలు చూడాలన్నా జనం మా దగ్గరికే వచ్చేవారు. వచ్చినవాళ్ళకి మెయిలు తెరిచిపెట్టి, "పాస్‌వర్డు ఎవరికీ చెప్పకండి, కట్టుకున్న భార్యకైనా సరే" అని ఉపన్యాసం దంచేవాణ్ణి. (నాకు అప్పటికి భార్య లేదు కాబట్టి ఈ సలహా ఎంత ప్రమాదకరమో తెలియదు.) సెంటరు యజమానిని మావా అని పిలిచేవాణ్ణి. ఆయన నా ఉపన్యాసం విని, "ఏట్రా, ఆలూమగల మజ్జిన తగువులు పెడతన్నావు, బేరాలు పోతాయి" అని విసుక్కునేవాడు.

ఇంత చెప్పే నేను నా సొంత పాస్‌వర్డు ఏం పెట్టుకున్నానో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, ఫర్వాలేదు. మా చర్చిలో ఆదివారం బడి పిల్లలకి పాఠం చెప్పే అమ్మాయి ఒకర్తె ఉండేది. సంఘపెద్దగారి ఒక్కగానొక్క కూతురు. మనిషి పొట్టి, గొంతు గట్టి. పిల్లలంతా బుల్లిటీచర్ అనేవారు. వాళ్ళకి ఇంగ్లీషు అబ్బాలని ఆవిడ ఒక ఆట పెట్టింది. తను ఒక్కొక్క అక్షరమే చెబుతుంది, మాట పూర్తవగానే పిల్లలు ఒక్కసారిగా అరిచి చెప్పాలి. నేను ఆవిడతో మాట్లాడిన మాటలన్నీ పోగేస్తే "వందనాలండీ" దాటవు. కానీ మనసులో మాటని ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా. ఏం రాసినా చుక్కలు తప్ప కనబడని చోటు లోకంలో అదొక్కటే అనిపించి, పాస్‌వర్డు గడిలో 'మై డియర్ బుల్లిటీచర్' అని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకున్నాను. అవసరం లేకపోయినా మెయిల్లోంచి బయటికొచ్చి మళ్ళీ లోపలికి వెళుతుండేవాణ్ణి. ఆ ఏడాదే ఆవిణ్ణి బీఎడ్ చదివించడానికి సంఘపెద్దగారు ఎంతో కష్టం మీద ఒప్పుకున్నాడు. "గుంట పేరు ఎవుల్నోటైనా ఇనపడితే ఆ రోజే సదువు బందు" అని ఇంట్లో గట్టిగా చెప్పేశాడట. అందుకే నా గుట్టు ఆ చుక్కల వెనకనే దాచుకున్నాను.

సరిగ్గా అప్పుడే నాకు జ్వరం పట్టుకుంది. విశాఖపట్నంలో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చి, మెయిల్లో కబురు వస్తుందని కాచుకుని ఉన్నాను. కాలు కింద పెట్టలేని స్థితిలో, నన్ను పెంచిన పిన్నిని సెంటరుకి పంపడం తప్ప దారి కనబడలేదు. పిన్నికి ఇంగ్లీషు చదవడం రాదు, అక్షరాల పేర్లు మాత్రం వచ్చు. జ్ఞాపకశక్తి అంటారా, కీర్తనలు పుస్తకం చూడకుండా పాడుతుంది. అక్షరం అక్షరం చెప్పి బట్టీ పట్టించాను. "ఎవులికీ సెప్పకే" అన్నాను. "నానెవులికి సెప్తానురా" అంది నొచ్చుకుంటూ. అక్కడ ఆవిడ చెబుతుంటే మావ కీబోర్డు మీద కొట్టాడట. నాలుగైదుసార్లు తప్పు పడేసరికి ఖాతా కాస్తా మూసుకుపోయింది. (మావ మా చర్చి మనిషి కాడు కాబట్టి ఆ టీచరెవరో అడగలేదు. 'బుల్లి'లో ఎల్లు అక్షరం ఒకసారి కొట్టాడో మూడుసార్లు కొట్టాడో ఆయనకే తెలియదు.)

తలుపు తెరుచుకోని ప్రతి కష్టానికీ మా సంఘంలో ఒకటే పద్ధతి. ఆదివారం ఆరాధన మధ్యలో పాస్టరుగారు ప్రార్థన అవసరతలు అడుగుతారు. ఎవరి బాధ వాళ్ళు లేచి మైకులో చెప్పుకోవాలి. పైపైన చెబితే కుదరదు. మోకాలు నొప్పి అంటే కుడిదా ఎడమదా అని అడుగుతారు. వివరంగా చెబితేనే మిగతావాళ్ళు గురి చూసి ప్రార్థన చెయ్యగలరని మావాళ్ళ నమ్మకం. ఆ ఆదివారం నీరసంగా వెనక చాప మీద గోడకి జారబడి కూర్చున్నాను. పిన్ని లేవడం చూశాను, నా జ్వరం గురించేలే అనుకున్నాను.

"అయ్యగారికీ సంఘానికీ వందనాలు. మా గుంటడికి ఉజ్జోగం కబురు కంప్యూటర్లోకి వొచ్చి కూకున్నాది. ఆ తలుపు తెరుసుకోడం నేదు. అందరూ పార్దన సెయ్యాల."

"వివరంగా సెప్పమ్మా," అన్నారు పాస్టరుగారు.

పిన్ని కళ్ళు మూసుకుంది. "ఆ తాళం మాట సెప్తన్నాను, పెబువు సిత్తగించాల. ఎమ్ము, వయ్యి, డీ, ఈ, ఏ, ఆరు..."

లేవబోయాను. వద్దని చెయ్యి ఊపాను, పిన్ని కళ్ళు మూసుకునే ఉంది. ముందు వరసలో కూర్చున్న ఆదివారం బడి పిల్లలకి అక్షరాలు వినబడ్డాయంటే ఇక ఆగుతారా!

"మై డియర్!" అని అరిచారు.

పిన్నికి హుషారొచ్చింది. "బీ, యూ, ఎల్లు, ఇంకో ఎల్లు, ఐ..."

"బుల్లి!"

"టీ, ఈ, ఏ, సీ, హెచ్చు, ఈ, ఆరు."

"టీచర్!" పిల్లల అరుపు చర్చి పైనున్న మైకు పెట్టెలోంచి మెయిన్ రోడ్డు దాకా పోయింది. "అదేనర్రా, బంగారు తండ్రులు!" అంటూ కళ్ళు తెరిచిన పిన్ని, ఆ మాట తనకి కూడా అర్థమై, మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సంఘపెద్దగారు మెల్లగా మెడ తిప్పి ముందు కూతుర్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. అయిపోయింది, ఆ పిల్ల చదువు నా వల్ల పోయింది అనుకున్నాను. అంత భయం నాకు జీవితంలో మళ్ళీ వెయ్యలేదు.

బుల్లిటీచర్ లేచి నిలబడింది. నా వైపు చెయ్యి చూపించింది.

"నాన్నా, అది అన్నయ్య పాస్‌వర్డు కాదు, నాది. బీఎడ్డు అప్లికేషనుకి మెయిలుండాలంటే అన్నయ్య చేత తెరిపించుకున్నాను. పిల్లలు నాకు గ్రీటింగు కార్డుల మీద రాసే పేరే పెట్టమన్నాను. జొరంలో తనది సెప్పబోయి పిన్నిగారికి నాది సెప్పీసినట్టున్నాడు. మరందుకే తెరుసుకోనేదు."

చర్చి అంతా "ఆఁ, అదా సంగతి!" అని ఊపిరి వదిలింది. అంత చక్కగా అతికిన అబద్ధం నేను ఇంతవరకూ వినలేదు. (చర్చిలో ఆడింది కాబట్టి దేవుడు కూడా విన్నాడు, ఏమీ అనలేదు.) పాస్టరుగారు ఇద్దరి మెయిళ్ళ కోసమూ కలిపి ప్రార్థన చేశారు. బతికిపోయాం అన్న సంతోషంలో, అన్నయ్య అన్న మాట ఎక్కడ గుచ్చుకుందో నాకు వెంటనే తెలియలేదు. బయటికొచ్చాక సంఘపెద్దగారు నా భుజం మీద చెయ్యి వేశాడు. "సెల్లి కదా అని సాయం సేసినావు, మంచిదే. ఊరందరికీ తెలిసిపోనాది గదా, రేపు గుంటని తీసుకొస్తాను, అది మార్సీసి, ఆ అప్లికేషను కూడా నువ్వే పెట్టీ" అన్నాడు. అప్పుడు తెలిసింది.

ఇంటికి రాగానే పిన్ని మీద ఎగిరాను. "ఎవులికీ సెప్పనన్నావు కదే!"

"మనుసులకి సెప్పనేదురా. దేవుడికి సెప్పినాను."

"మైకులోనా?"

"మైకు నేకపోతే ఎనకోళ్ళకి ఇనపడదు కదరా. ఆళ్ళెలగ పార్దన సేస్తారు?" అని, నా తల మీద చెయ్యి వేసి, "మంచి పిల్లరా" అంది మెల్లగా. నాకు కోపం పోయి ఏడుపొచ్చింది.

నా ఖాతా తర్వాత తెరుచుకుంది. అందులో ఉద్యోగం కబురు లేదు, ఏదో పరాయి దేశంలో నాకు లాటరీ తగిలిందన్న కబురుంది. ఉద్యోగం ఇంకో ఏడాదికి గానీ రాలేదు. ఆవిడ బీఎడ్ చదివింది. ఇప్పుడు పాతపట్నం దగ్గర సర్కారు బడిలో పనిచేస్తోందని, పిల్లలు అక్కడ కూడా ఆవిడకేదో ముద్దుపేరు పెట్టారని విన్నాను.

ఆ సోమవారం మాత్రం నాకు నిన్నటిలా ఉంది. సంఘపెద్దగారు సెంటరు బయట బల్ల మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. లోపల నేను ఆవిడకి నిజంగానే కొత్త మెయిలు తెరుస్తున్నాను. పాస్‌వర్డు గడి రాగానే ఆవిడ కీబోర్డు తన వైపు లాక్కుని, "అటు తిరగండన్నయ్యా" అంది. గోడ వైపు తిరిగాను. వెనక టకటకమని చప్పుడు మొదలైంది. ఆశ చావదు కదా, ఒక్కో చప్పుడికీ నా పేరులో ఒక్కో ఇంగ్లీషు అక్షరం సరిపెట్టుకుంటూ నిలబడ్డాను. నా పేరు అయిపోయింది, చప్పుడు ఆగలేదు. ఇంటిపేరు కూడా కలిపి చూశాను. అదీ అయిపోయింది. ఆవిడ ఇంకా కొడుతూనే ఉంది.