అల్లుడు కట్టిన గది ఎందుకు తిరిగింది

తాపీ పనివాళ్ళందరూ ఆయన్ని ఒంటికన్ను మేస్త్రి అనేవారు. నిజానికి కళ్ళు రెండూ శుభ్రంగానే ఉన్నాయి. గోడ సరిచూసేటప్పుడు ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఒక్క చూపు చూసి, "అరంగుళం లోపలికి పోయింది" అనేవాడు. కొలిస్తే సరిగ్గా అరంగుళమే ఉండేది. ముప్పై ఏళ్ళుగా ఆ కన్నే ఆయనకు తూకం గుండు, ఆ కన్నే రసమట్టం. రసమట్టం అంటే గాజుగొట్టంలో చిన్న బుడగ ఉంటుందే, ఆ పనిముట్టు. బుడగ మధ్యలో నిలిస్తే ఇటుకల వరస సమంగా ఉన్నట్టు లెక్క. దాన్ని చూస్తే చాలు, మేస్త్రికి ఒళ్ళు మండేది. "బుడగని నమ్ముకుని గోడ కట్టేవాడు మేస్త్రి ఎలా అవుతాడు?" అని పదిమందిలో ఎద్దేవా చేసేవాడు.

ఖర్మ కాలి, ఆయన అల్లుడికి రసమట్టం లేనిదే చెయ్యి కదలదు. ఆరేళ్ళు మామగారి దగ్గరే ఇసకా సిమెంటూ మాలు కలిపి, ఇటుకలందించి పని నేర్చుకున్నాడు. నెమ్మదస్తుడు. ఒక్కో వరసకి మూడేసి సార్లు బుడగ చూసుకుంటాడు. మామగారు ఒక్క రోజులో లేపే గోడ ఇతని చేతిలో మూడు రోజులు పడుతుంది. చివరికి కూతురి పోరు పడలేక మేస్త్రి ఒక మాటన్నాడు. ఇంటి వెనక గది మొత్తం అల్లుడే కట్టాలి. అది తనకు నచ్చితే వచ్చే నెల మొదలయ్యే బడి కట్టడం అల్లుడి చేతికి అప్పగిస్తాడు. నచ్చకపోతే ఇంకో రెండేళ్ళు మాలు కలుపుకోవాల్సిందే.

గది లేచింది. మేస్త్రి ఒక కన్ను మూసి నాలుగు గోడలూ చూశాడు. తప్పు దొరకలేదు. దొరకనందుకు కాస్త బాధపడ్డాడు కూడా. "పడుకుని చూస్తేగానీ గది సంగతి తెలీదు" అంటూ, మధ్యాహ్నం భోంచేశాక అందులో మంచం వేయించుకుని నడుం వాల్చాడు. అలవాటు ప్రకారం కిటికీ వైపు తిరిగాడు.

అంతే, గది గిర్రున తిరిగింది. కిటికీ పైకప్పు మీదికి ఎక్కింది, పైకప్పు తలుపు దగ్గరికి దిగింది. మేస్త్రి మంచం పట్టెను కావలించుకుని, "కూలిపోతోంది! అందరూ బయటికి పొండి!" అని గావుకేక పెట్టాడు. ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొచ్చేసరికి గది బుద్ధిగా నిలబడి ఉంది.

"ఏవండీ, మీకే కళ్ళు తిరిగాయేమో" అంది భార్య.

"నా కళ్ళా? రోజూ పాత గదిలో పడుకుంటున్నాను కదా, అక్కడ తిరగలేదే?"

మేస్త్రి పంతం పట్టాడు. మళ్ళీ పడుకున్నాడు, మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు, గది మళ్ళీ తిరిగింది. భార్య నేల మీద గోళీ పెట్టి చూసింది. గోళీ కదల్లేదు. "గోళీలో లోపముంది" అన్నాడు. అల్లుడు తూకం గుండు వేలాడదీశాడు. గోడ నిటారుగా ఉంది. "గుండు కూడా వీడి పక్షమే" అన్నాడు. అల్లుడి మొహం కందగడ్డలా అయింది.

ఇలాంటి మనిషితో ఎలా వేగుతోందో ఆ ఇల్లాలికే తెలియాలి. మేస్త్రి చెప్పాపెట్టకుండా సమ్మెట తెచ్చి, కిటికీ కింద నడుమెత్తు గోడని నేలమట్టం చేసేశాడు. ఆయాసమొచ్చి, బయట ఇసక కుప్ప మీద వెల్లకిలా పడి, కుడి పక్కకి ఒత్తిగిలాడు.

"అయ్యో, పట్టుకోండి! ఆకాశం తిరుగుతోంది!"

అల్లుడు మెల్లగా దగ్గరికొచ్చి, "అది నేను కట్టలేదు మామయ్యా" అన్నాడు.

చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ ముందుగా మాట తడబడుతోందా, కాలూ చెయ్యీ పట్టు తప్పాయా అని అడిగింది. అలాంటివి ఉంటే క్షణం ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి పంపేదాన్నంది. అవేవీ లేవని తేలాక, బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడికి తిప్పి, చటుక్కున వెల్లకిలా పడుకోబెట్టింది. ఆయన కనుగుడ్లు గిలగిలా ఆడాయి.

"ఈ ఆసుపత్రి కట్టిందెవడు?" అని అరిచాడు మేస్త్రి.

"అది తర్వాత చూద్దాం. పాత గదిలో మీ కిటికీ ఎటు వైపుంది?"

"ఎడమ వైపు."

"కొత్త గదిలో?"

"కుడి వైపండీ" అన్నాడు అల్లుడు.

"చూశారా, తేడా గదిలో లేదు, మీరు తిరిగే పక్కలో ఉంది. చెవి లోపల సన్నటి గొట్టాలుంటాయి మేస్త్రిగారూ, వాటి నిండా నీరు. తల ఎటు వంగిందో మెదడుకి చెప్పేది అవే. మీ రసమట్టం లాంటివనుకోండి. వాటి పక్కనే ఇసక రేణువు కన్నా చిన్న సున్నపు పలుకులుంటాయి, అందరికీ ఉంటాయి. మీవి కొన్ని ఊడి గొట్టంలో పడ్డాయి. కుడికి తిరిగితే అవి దొర్లుతాయి, లోకమంతా తిరుగుతోందని మెదడు మోసపోతుంది."

"నా చెవిలో రసమట్టమా!" మేస్త్రికి జబ్బు కన్నా ఇదే పెద్ద అవమానంగా తోచింది.

"రెండున్నాయి, చెవికొకటి" అంది డాక్టరమ్మ. తల ఎడమకి తిప్పింది, ఒళ్ళంతా ఎడమ పక్కకి దొర్లించింది, కాసేపాగి లేపి కూర్చోబెట్టింది. సూది లేదు, మందు లేదు. మళ్ళీ కుడికి పడుకోబెట్టి చూస్తే పైకప్పు పైనే ఉంది. కళ్ళు తిరగడం మళ్ళీ రావచ్చు, వస్తే ఇదే చేద్దాం, కొన్నాళ్ళు నిచ్చెనెక్కొద్దని చెప్పి పంపించింది.

ఇంటికొచ్చి, కూల్చిన గోడ ముందు నిలబడ్డాడు మేస్త్రి. సిగ్గుపడ్డాడు. సిగ్గుపడడం అలవాటు లేక, చూసేవాళ్ళకి కోపంగా ఉన్నట్టు కనిపించాడు. "నేనే పడగొట్టాను, నేనే కడతాను" అని మర్నాడు పొద్దున్నే తాపీ పట్టాడు. అల్లుడు మాలు కలిపిచ్చాడు. మేస్త్రి ఒక కన్ను మూసుకుని చకచకా మూడు వరసలు పేర్చేశాడు.

అల్లుడు రసమట్టం పెట్టి చాలాసేపు చూశాడు. "మామయ్యా, పై వరస తీసెయ్యాలి. ఇటు వాలింది" అన్నాడు.

వంటింట్లో భార్య గరిటె తిప్పడం ఆపేసింది. మేస్త్రి ఎడమ కన్ను మూసి చూశాడు, కుడి కన్ను మూసి చూశాడు. ఆఖరికి రెండు కళ్ళూ తెరిచి, వంగి, బుడగ వైపు చూశాడు. అది మధ్యలో లేదు. ఉక్రోషం వస్తుందనుకున్నాడు, రాలేదు. వీడికి పనొచ్చు అన్న సంతోషం మాత్రం నిండా కమ్మేసింది. ఇటుకలు ఒక్కొక్కటే తీసి, అంటిన మాలు గోకి, పక్కన పెట్టాడు. తాపీ అల్లుడి చేతికిచ్చి ఖాళీ తట్ట అందుకున్నాడు.

"మాలు ఎంత కలపమంటావు, మేస్త్రీ?" అని అడిగాడు.