దూడకిచ్చిన మినహాయింపు

పెద్దన్నకు మినహాయింపులంటే పిచ్చి. కొందరికి పొద్దున లేవగానే కాఫీ పడాలి, కొందరికి చేతిలో పేకముక్క పడాలి. పెద్దన్నకు మాత్రం ఏదో ఒకదాని నుంచి తనను మినహాయించారన్న కబురు చెవిన పడాలి. లేకపోతే ఆ రోజు తిన్నది అరగదు. అతనికి అరగడం కోసం నాకు తలనొప్పి వచ్చేది. ఎందుకంటే ఆ దరఖాస్తులన్నీ నా బల్ల మీదికే వచ్చేవి.

తొంభై ఎనిమిది ప్రాంతంలో నేను నంద్యాల బయట ఒక చిన్న పశువైద్య విద్యాలయంలో ఆఫీసు సూపరింటెండెంటుని. ఉండేది ఆళ్లగడ్డలో. రోజూ బస్సులో పోవడం, బస్సులో రావడం. శిరివెళ్ల దగ్గర ట్రాక్టరొకటి అడ్డం వస్తే, ఆఫీసుకు చేరేసరికే సాయంత్రానికి పడాల్సిన అలసటంతా పడిపోయేది. అక్కడ ఫ్యాను తిరిగేది గానీ గాలి వచ్చేది కాదు. మా ప్రిన్సిపాల్ రాజశేఖర్ గారి గొంతు మాత్రం ఎన్ని గోడలున్నా దాటుకుని వచ్చేది. ఇవి చాలవన్నట్టు, అక్కడ చదువుకునే పెద్దన్నది కూడా ఆళ్లగడ్డే. అదే బస్సు.

బస్సెక్కగానే మొదలుపెట్టేవాడు. "అన్నా, నడుము నొప్పిగా ఉండాది. నిలబడేది నాకు మినహాయించల్ల" అని కండక్టరు ప్రాణం తీసి ఎక్కడో ఒక సీటు సంపాదించేవాడు. శిరివెళ్లలో ఎవరో ముసలమ్మ ఎక్కగానే ఆమెను అందులో కూర్చోబెట్టి, నంద్యాల దాకా కడ్డీ పట్టుకుని వేలాడేవాడు.

"మరి అడిగిందెందుకప్పా?" అన్నాను ఒకరోజు.

"అడిగితే ఇస్తారో ఇయ్యరో చూద్దామని మేడం."

కిటికీ వైపు తిరిగి కళ్లు మూసుకున్నాను.

మా విద్యాలయంలో ప్రతి కోర్సూ తప్పనిసరే. తప్పించుకోవాలంటే దరఖాస్తు పెట్టాలి. దాన్ని చూసి ప్రిన్సిపాల్ అడిగే ప్రశ్న ఒక్కటే: "ముందు ఎవరికన్నా ఇచ్చినామా?" ఇచ్చుంటే సంతకం, లేకుంటే తిట్లు. ఆయన కంటే ముందున్న ప్రిన్సిపాలూ అంతే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే నాకు జీతమిస్తున్నారేమో అనిపించేది.

చేరిన మొదటి నెలలోనే, పాలు పితికే కోర్సు వద్దన్నాడు పెద్దన్న. తెల్లవారకముందే పశువులశాలకు రావాల్సిన కోర్సు అది.

"పుట్టినప్పటి నుంచి పితుకుతాండా సార్. మళ్లీ నేర్చుకునేదేముండాది?"

"పుట్టినప్పటి నుంచా?"

"నడక వచ్చినప్పటి నుంచి అనుకోండి సార్."

రాజశేఖర్ గారు అతన్ని ఒక పావుగంట తిట్టి, పశువులశాలకు లాక్కెళ్లి, అందరినీ తన్నే బర్రె ముందు కూర్చోబెట్టారు. పెద్దన్న దాని వీపు నిమిరి, చెవిలో ఏదో చెప్పి, బకెట్టు నింపి ఇచ్చాడు. ఆయన చచ్చినట్టు సంతకం పెట్టారు.

పీడ వదిలిందనుకున్నాను. మర్నాడు నా బల్ల ముందు వరస. ఇంట్లో బర్రెలున్న ప్రతివాడూ వచ్చాడు. "పెద్దన్నకిచ్చినారంట గదా మేడం?" అందరికీ పరీక్ష పెట్టాల్సి వచ్చింది. రెండు రోజులు చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని పేడలో నిలబడి, ఎవరు పితికారో ఎవరు తన్నించుకున్నారో చూశాను.

ఆ తర్వాత పశువులశాలలో ఆదివారం డ్యూటీ. పెద్దన్నకు హఠాత్తుగా భక్తి పుట్టింది. "ఆదివారం నాకు ఒక్కపొద్దు సార్. సూర్యునికి మొక్కుకున్యా."

"ఎప్పుడు మొక్కుకున్నావు?"

"నిన్న సార్."

ఈసారి తిట్లు గేటు దాకా వినపడ్డాయట. వాచ్‌మన్ చెప్పాడు. కానీ దేవుడి పేరెత్తాక కాదనడం ఎలా? సంతకం పడింది. మర్నాడు లూదియా అనే అమ్మాయి భయం భయంగా వచ్చి, "మేడం, నాకు ఆదివారం చర్చి ఉంటాది. ఎప్పట్నుంచో అడగాలనుకుంటాండా" అంది. ఆమెకూ ఇచ్చాం. ఇవ్వక చస్తామా? పెద్దన్న తుమ్మితే విద్యాలయానికంతా జలుబు చేస్తోందని ఇంట్లో చెప్పుకుని ఏడ్చాను.

పొద్దున హాస్టల్లో అందరికీ పెట్టే ఉప్మా నుంచి కూడా మినహాయింపు సంపాదించాడు. సంపాదించి, రెండు ప్లేట్లు తిన్నాడు. అప్పటికి నాకు ఆశ్చర్యపోయే ఓపిక కూడా లేదు.

రెండో ఏడు చివర్లో అవుకు క్యాంపు వచ్చింది. అవుకు చుట్టుపక్కల పల్లెల్లో మూడు వారాల పాటు గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపాలి, టీకాలు వేయాలి. పగలు దొడ్లలో, రాత్రి బడి వరండాలో. ఇది చేయకపోతే సర్టిఫికెట్టు రాదు.

కొండమ్మ బిడ్డను చంకనేసుకుని నా దగ్గరికి వచ్చింది. నల్లమలలోని చెంచుల గూడెం నుంచి మా దగ్గర చదవడానికి వచ్చిన మొదటి ఆడపిల్ల. వాళ్ల గూడేనికి దగ్గర్లో కొత్తగా పశువుల ఆసుపత్రి పెడుతున్నారు. ఈ ఏడు సర్టిఫికెట్టు చేతికొస్తే ఆ ఉద్యోగం ఆమెదే. రాకపోతే ఇంకొకరిది. చంకలో బిడ్డ వెన్నెలకు ఇంకా మెడ సరిగ్గా నిలబడలేదు.

"అమ్మా, దీన్నేసుకోని గొర్రెల దొడ్లలో యాడ తిరిగేది? ఈ క్యాంపు తప్పించేదానికుంటే చూడమ్మా."

"మీ అక్క దగ్గర వదిలితే?"

"చూసినామ్మా. నా దగ్గర తప్ప తాగదు. ఇంగొకరు తాపితే మూతి తిప్పుకుంటాది."

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ఈ క్యాంపు ఇంతవరకూ ఎవరికీ తప్పించలేదు కొండమ్మా. ముందు ఒక్కరికన్నా ఇచ్చుంటే, అది చూపించి నేనే అడుగుదును."

ఆ పిల్ల వాదించలేదు. తలూపి, బిడ్డకు కొంగు కప్పుకుని వెళ్లిపోయింది. వాదించి ఉంటే బాగుండేది.

ఆమె వెనకాలే పెద్దన్న నిలబడి ఉన్నాడు. ఎండలకు తెల్లకోటు వేసుకోవడం నుంచి మినహాయింపు కావాలట. అరిచి పంపించాను.

మర్నాడు పొద్దున్నే ప్రిన్సిపాల్ గదిలో ప్రత్యక్షమయ్యాడు.

"అవుకు క్యాంపు నాకు మినహాయించల్ల సార్."

"ఏమప్పా, నడుమా?"

"దూడ సార్."

"ఏ దూడ?"

"మా బర్రె ఈనింది. దూడకు పొదుగు పట్టేది తెలీడంలే. నేను సీసాతో తాపితేనే తాగుతాది. ఇంగొకరు తాపితే మూతి తిప్పుకుంటాది."

ఈ మాట ఎక్కడో విన్నట్టుందే అనిపించింది. కానీ అంతలో తిట్లు మొదలయ్యాయి. అన్ని తిట్లు నా ఉద్యోగంలో వినలేదు. సోమరిపోతన్నారు, విద్యాలయానికి పట్టిన శని అన్నారు, గొర్రెలు నయమన్నారు. పెద్దన్న వానలో తడుస్తున్నవాడిలా తలవంచుకుని నిలబడ్డాడు. అయితే రాజశేఖర్ గారికి ఒక బలహీనత ఉంది. ఆయన చదువంతా దూడల జబ్బుల మీదే. దూడ ఆకలితో ఉందంటే ఆ మనిషి నిలవలేడు.

"నీ కోసం కాదురా, దూడ కోసం ఇస్తాండా" అని సంతకం గీకి పడేశారు. "నెల నిండేదాకా దాన్ని వదలగాకు. తర్వాత మన పశువులశాలలో ఆ పని తీర్చు."

అరగంటకల్లా కొండమ్మ మళ్లీ వచ్చింది. "పెద్దన్న పొమ్మన్యాడమ్మా. దూడకిచ్చినారంట గదా..."

బిడ్డతో సహా లోపలికి తీసుకెళ్లాను. రాజశేఖర్ గారు కాగితం చూశారు, బిడ్డను చూశారు, చివరికి నన్ను చూశారు.

"ముందు ఎవరికన్నా ఇచ్చినామా కమలాక్షమ్మా?"

"దూడకిచ్చినాం సార్."

ఆయన పెన్ను మూత తీశారు. "దూడకిచ్చి బిడ్డకియ్యకుంటే జనం ఉమ్మేస్తారు" అని సంతకం పెట్టారు.

క్యాంపు మొదలైన నాలుగోనాడు టీకామందు పెట్టెతో ప్రిన్సిపాల్‌, నేను జీపులో బయల్దేరాం. మొదటి ఊళ్లో జీపు ఆగగానే నేను ముందు దిగాను. దొడ్లో ఒక పొట్టేలు, దాని మెడ పట్టుకుని ఒళ్లంతా పేడతో పెద్దన్న.

ఉరికాను. "నీకేం పోయేకాలమప్పా, ఈడెందుకుండావ్? సార్ వచ్చినాడు! నీ దూడ అబద్ధమని తెలిస్తే కొండమ్మది కూడా కొట్టేస్తాడు!"

"ఆ యమ్మి లేకపాయె. నేనూ రాకుంటే మనుషులు చాలరు మేడం. ఆమె పని ఎవరు చేస్తారు?"

"చేసేవాడివి మినహాయింపు ఎందుకడిగినావు?"

"నాకేం పని మేడం దాంతో? ముందు ఒగరికి ఇచ్చుండల్ల గదా, మీరే అంటిరి. ముందు పోయేటోనికి తిట్లు పడ్తాయి. నాకు అలవాటే. ఆ యమ్మికి, లూదియాకు యాడిది అలవాటు?"

పశువులశాలలో పేడెత్తే ఏసమ్మ ఒకసారి, "పెద్దన్న ప్రతి ఆదివారమూ తెల్లారకనే వస్తాండాడు" అంటే, పాలు తాగడానికి వస్తున్నాడేమో అనుకున్నాను. వీడి వెనకాల నిలబడ్డ వరసలన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు కదిలాయి. నవ్వాలో, నాలుగు తగిలించాలో తెలియలేదు. ఇంత మంచివాణ్ణి ఇన్నాళ్లు విసుక్కున్నానా అని బాధేసింది. అదే నిమిషంలో, కొండమ్మ ఉద్యోగం వీడి మంచితనం వల్లే పోయేలా ఉందని ఒళ్లు మండింది.

అప్పటికే రాజశేఖర్ గారు నా వెనక ఉన్నారు.

"నీ దూడ ఏమైందప్పా?"

పెద్దన్న పొట్టేలును వదల్లేదు. "పెద్దదైంది సార్."

"నాలుగు దినాల్లోనా?"

"మంచి జాతి సార్."

దూడలు ఎంతలో ఎంత ఎదుగుతాయో ఆయనకు తెలిసినంతగా ఆ జిల్లాలో ఎవరికీ తెలియదు. ఆయన పెద్దన్నను కిందినుంచి పైదాకా చూశారు. తర్వాత కళ్లద్దాలు తీసి నా చేతికిచ్చి, చొక్కా చేతులు మడిచి, వంగి ఆ పొట్టేలు వెనక కాళ్లు పట్టుకున్నారు.

"కమలాక్షమ్మా," అన్నారు నా వైపు చూడకుండానే, "నాలుగు దినాల్లో దూడ అంత ఎదగల్లంటే ఏం తాపినాడో కనుక్కోని కొండమ్మకు చెప్పు. ఆ బిడ్డ మరీ సన్నంగా ఉండాది."